మా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు: స్టూడెంట్ కౌంటర్‌కి నాలుగున్నర స్టార్లు, ఎంప్లాయీ కౌంటర్‌కి రెండున్నర

ముందే చెప్తున్నా, యూనివర్సిటీ పేరు రాయను. అమెరికాలో మిడ్‌వెస్ట్ వైపు ఒక స్టేట్ యూనివర్సిటీ, అంతే. నేనింకా అక్కడే జీతం తీసుకుంటున్నా, నా హెచ్1బీ, అంటే ఉద్యోగ వీసా కూడా వాళ్ల చేతిలోనే ఉంది, కాబట్టి అర్థం చేసుకోండి. 2019 ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను. ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఒక రీసెర్చ్ గ్రూపులో డేటా అనలిస్టుని. అంటే విదేశీయుల వీసా కాగితాలు చూసే ఈ ఆఫీసు గుమ్మం ముందు స్టూడెంటుగా నిలబడ్డాను, ఉద్యోగిగానూ నిలబడ్డాను. రెండూ ఒకే భవనం, ఒకే మెట్లు. పైకెళ్లాక ఎడమ పక్క స్టూడెంట్లకి, కుడి పక్క ఉద్యోగులకి, స్కాలర్లకి. ఎడమకి తిరిగితే ఒక ప్రపంచం, కుడికి తిరిగితే ఇంకో ప్రపంచం.

ఏటా జూన్, జూలైల్లో హనుమకొండ నుంచి, ఖమ్మం నుంచి పిల్లలు మెసేజ్‌లు పెడతారు, అక్కా ర్యాంకు ఎంత, అక్కా పార్ట్ టైమ్ దొరుకుతుందా, అక్కా చలి ఎట్లుంటది అని. ఇంటర్నేషనల్ ఆఫీసు ఎలా పనిచేస్తుంది అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు లెండి. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ ఆయన ఐదు యూనివర్సిటీలు రాసిచ్చాడు, అందులో రెండింటికి అడ్మిషన్ వచ్చింది, ఒకటి ఎంచుకున్నాం. అప్లికేషన్ కోసం మెయిల్ ఐడీ కూడా ఆయనే తెరిచాడు, పాస్‌వర్డ్ ఆయన దగ్గరే. "ఎందుకమ్మా, మేం చూసుకుంటాంగా" అనేవాడు. వీసాకి కావాల్సిన యూనివర్సిటీ పత్రం ఐ-20 వచ్చాక చూస్తే నా పేరు, ఇంటిపేరు తారుమారుగా పడ్డాయి. కరెక్షన్‌కి మూడు వేలవుతుందన్నాడు. నేను నా సొంత మెయిల్ నుంచి పాస్‌పోర్టు స్కాన్ పెట్టి యూనివర్సిటీ ఆఫీసుకి రెండు లైన్లు రాశాను. తెల్లారేసరికి సరిచేసిన ఐ-20 వచ్చేసింది, పైసా ఖర్చు లేకుండా. ఈ ఆఫీసుతో నాకు మొదటి పరిచయం అదే. ఆ మూడు వేలు చిలుకూరుకి పోయే కార్లకి ఖర్చయ్యాయి. మొదట పదకొండు ప్రదక్షిణలకి ఒకసారి, బేగంపేట పైగా ప్యాలెస్‌లో వీసా వచ్చాక నూట ఎనిమిదికి ఇంకోసారి. (కాన్సులేట్ 2023లో నానక్‌రామ్‌గూడకి మారిపోయింది.)

ఇక ఎడమ పక్క కౌంటర్ సంగతి. మంగళ, గురువారాలు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా వాకిన్. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, టోకెన్ తీసుకుని కూర్చోవడమే. సెమిస్టర్ మొదట్లో అయితే పన్నెండున్నరకే వెళ్లండి, లేదంటే కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడాలి. లోపల అడ్వైజర్లు నలుగురు. మనవాళ్లు డీఎస్ఓ అనేది వీళ్లనే. ఐ-20 మీద సంతకం వీళ్లది, సెవిస్‌లో, అంటే విదేశీ స్టూడెంట్ల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లో, మన రికార్డు ఉంచాలన్నా, పొడిగించాలన్నా వీళ్లే. వచ్చిన కొత్తలో చెకిన్ చేయమని నాలుగు మెయిళ్లు పంపుతారు, చేయకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెడతారు. అప్పుడు విసుగొచ్చింది. క్లాసులు మొదలైన 30 రోజుల్లో మనం వచ్చి చేరామని సెవిస్‌లో నమోదు చేయకపోతే రికార్డే పోతుందని తర్వాత తెలిసింది.

నా రూమ్మేట్ పాస్‌పోర్టులో ఇంటిపేరు దగ్గర ఖాళీ. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి పోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. బ్యాంకులో, లైబ్రరీలో, చివరికి పిజ్జా డెలివరీలో కూడా దాన్ని "ఫ్నూ" అనే పిలిచారు ఏడాదంతా. ఈ ఆఫీసు రిసెప్షన్‌లో ఉండే పెద్దావిడ మాత్రం మొదటిరోజే అడిగింది, ఇంట్లో నిన్నేమని పిలుస్తారు అని. అలాగే రాసుకుంది, అలాగే పిలిచింది. స్టార్లిచ్చేటప్పుడు ఇలాంటివి లెక్కలోకి రావు గానీ నేను వేసుకుంటాను.

2020 జూలై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ స్టూడెంట్లు దేశం వదిలి వెళ్లాలని ప్రకటన వచ్చింది. గుర్తుంది కదా, ఫ్లైట్లే లేని రోజులు. మా ఇంట్లో ఏడుపులు. రెండు రోజుల్లో ఆఫీసువాళ్లు డిపార్ట్‌మెంట్ల వెంటపడి, మనిషి వెళ్లి కూర్చునే ఒక క్రెడిట్ క్లాసులు తెరిపించారు, మాస్కులు పెట్టుకుని వారానికోసారి వెళ్తే చాలు అన్నట్టుగా. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి, జూలై 14కి ప్రభుత్వం ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది, మా క్లాసు అవసరమే పడలేదు. అయినా ఆ ఎనిమిది రోజులు ఎవరో మన కోసం తిరుగుతున్నారన్న ధైర్యం ఉండింది.

నాలుగున్నర ఇవ్వడానికి అసలు కారణం మాత్రం ఓపీటీ. తెలియనివాళ్ల కోసం చెప్తా: చదువయ్యాక ఒక ఏడాది పని చేసుకోవచ్చు, స్టెమ్ డిగ్రీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) అయితే ఇంకో 24 నెలలు. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు అప్లై చేయొచ్చు. కానీ డీఎస్ఓ సెవిస్‌లో రికమండేషన్ పెట్టిన రోజు నుంచి 30 రోజుల్లో ఫారం ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చేరిపోవాలి. ఈ 30 రోజుల లెక్క దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నేను 2021 ఫిబ్రవరిలో వేశాను, అప్పటికింకా కాగితాల మీదే. కోవిడ్ కదా, అడ్వైజర్ జూమ్‌లో కూర్చుని నా ఐ-765 ఫారం స్క్రీన్ మీద పెట్టింది. ఆవిడ పిల్లి కీబోర్డు మీద నడుస్తుంటే ఒక చేత్తో దాన్ని తోస్తూ, ఇంకో చేత్తో 27వ ప్రశ్న దగ్గర కర్సర్ ఆపింది. నేను సీ3ఏ అని రాశాను. అది చదువుతుండగా చేసే పనికి. చదువయ్యాక చేసేదానికి సీ3బీ. మా సీనియర్ వాట్సాప్‌లో పంపిన శాంపిల్ చూసి మక్కీకి మక్కీ దించాను, ఆ శాంపిల్ ఇంకెవరిదో, ఇంకెందుకో. ఆవిడ దాన్ని నలభై సెకన్లలో పట్టుకుంది. అలాగే పోయుంటే తిరస్కరించినా అడిగే దిక్కు లేదు, 410 డాలర్లు గంగపాలు.

ఆ ఏడాది కవర్లు యూఎస్‌సీఐఎస్ వాళ్లు పోస్టు అందుకునే కేంద్రంలో, అదే లాక్‌బాక్స్‌లో, వారాల తరబడి తెరవకుండా పడున్నాయి. నాకు రసీదు ఏడు వారాలకి వచ్చింది. రోజూ పోస్ట్‌బాక్స్ తెరవడం, మూయడం. ఆలస్యం వల్ల నష్టపోయేవాళ్లకి వెసులుబాట్లు ఇస్తామని ఫిబ్రవరి 26న ప్రకటన వస్తే, అదే సాయంత్రం అడ్వైజర్ నాకు విడిగా మెయిల్ చేసింది, నీ కేసుకి ఇందులో మూడో పేరా వర్తించొచ్చు, చూసుకో అని. గుంపుకి పంపే మెయిల్ కాదు, నా పేరుతో. ఏప్రిల్ 12 నుంచి ఆన్‌లైన్‌లో వేసుకునే వీలు వచ్చింది. ఇప్పటి పిల్లలకి ఈ లాక్‌బాక్స్ కథలు చెప్తే మా తాత నైజాం కాలం కబుర్లు చెప్పినట్టు చూస్తారు.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, కొంచెం మెలిక ఉన్న ప్రశ్న ఏదడిగినా "ఇమిగ్రేషన్ అటార్నీని సంప్రదించండి" అనే మాట ఒకటి వాళ్ల నోట్లో తిరుగుతుంటుంది. లీగల్ సలహా ఇవ్వకూడదని వాళ్లకి నియమం, అర్థమైంది. కానీ ఏ అటార్నీ అని అడిగితే మూడేళ్ల కిందటి జాబితా ఒకటి ఇస్తారు, అందులో ఒకాయన రిటైరైపోయాడు. ఇంకోటి, ప్రతి సెమిస్టర్ ఫీజులో ఇంటర్నేషనల్ సర్వీసెస్ అని ఒక లైను ఉంటుంది, అది కట్టాక కూడా సెమిస్టర్ మొదట్లో మెయిల్‌కి జవాబు వారం పడుతుంది. మెయిల్ పెట్టకండి, వాకిన్‌కి వెళ్లండి.

ఇప్పుడు కుడి పక్కకి తిరుగుదాం.

2022లో ఒకసారి, 2023లో ఒకసారి అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీ హెచ్1బీ లాటరీలో నా పేరు వేసింది, రెండుసార్లూ రాలేదు. నా స్టెమ్ ఓపీటీ 2024 జూన్ 13తో సరి. యూనివర్సిటీలకి హెచ్1బీ లాటరీ లేదు, ఏటా 65 వేలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు అనే ఆ కోటా లెక్కలోకి అవి రావు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. అందుకే జీతం తగ్గినా సరే అనుకుని 2024 ఫిబ్రవరిలో ఇక్కడ చేరాను. చేరిన నెలకి, మార్చి 11న, మా మేనేజర్ హెచ్1బీ రిక్వెస్ట్ పోర్టల్‌లో పెట్టాడు. పాపం ఆయనకీ ఇదే మొదటిసారి. నేను నిశ్చింతగా ఉన్నా. మూడు నెలలుంది, పైగా వాట్సాప్ గ్రూపులో అందరూ "ఏం కాదు, క్యాప్ గ్యాప్ ఉంటది" అన్నారు. అంటే ఓపీటీ అయిపోయినా, పెటిషన్ పెండింగ్‌లో ఉంటే పని చేసుకోవచ్చని.

మార్చి నెలాఖరున వేరే పనిమీద ఎడమ పక్క కౌంటర్‌కి వెళ్లి మాటల్లో ఈ సంగతి చెప్తే, పాత అడ్వైజరే, ముఖం మారిపోయింది. క్యాప్ గ్యాప్ అనేది లాటరీ కోటాలో వచ్చే పెటిషన్లకి మాత్రమే. యూనివర్సిటీ కోటా బయట ఉంది కాబట్టి ఆ సౌకర్యమూ లేదు. జూన్ 13కి ముందే అప్రూవ్ కాకపోతే ఇంట్లో కూర్చోవాలి, జీతం ఉండదు, ఆఫీసులో అడుగు పెట్టకూడదు. ఏ వరం కోసం ఇక్కడికి వచ్చానో ఆ వరానికే ఉన్న తిరకాసు ఇది. కుడి పక్కవాళ్లు దీన్ని నాకు గానీ మా మేనేజర్‌కి గానీ ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉందట, ఏడో పేజీలో.

సరే, నా ఫైలు ఎక్కడుందని కుడి పక్కకి మెయిల్ పెట్టాను. "పదిహేను పనిదినాల్లో స్పందిస్తాం" అని ఆటో రిప్లై. మనిషి వెళ్తే రిసెప్షన్ లేదు, తలుపు మీద క్యూఆర్ కోడ్ ఉంది. మేనేజర్‌తో ఫోన్ చేయిస్తే అప్పుడు బయటపడింది, రిక్వెస్ట్ ఫారంలో డిపార్ట్‌మెంట్ ఫండ్ నంబర్ గడి ఖాళీగా ఉందని అది హెచ్ఆర్ దగ్గర ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరికీ మెయిల్ పోలేదు. పంతొమ్మిది రోజులు! ఎడమ పక్కవాళ్లు ఒక అక్షరాన్ని నలభై సెకన్లలో పట్టుకున్నారు, వీళ్లు ఒక ఖాళీ గడిని పంతొమ్మిది రోజులు చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాతి నెల రోజులు నా వంటింటి క్యాలెండర్ చూస్తే లెక్కల మాస్టారి బోర్డులా ఉండేది. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏ, అంటే జీతం, పని వివరాల దరఖాస్తు, వేస్తే ఏడు పనిదినాలు. దానికి ముందు, నా పోస్టుకి ఇచ్చే జీతం ఆ ఊళ్లో ఆ పనికి చెల్లే జీతం కన్నా తక్కువ కాదని లెక్క తేల్చాలి. తర్వాత పెటిషన్, మామూలు దారిలో అయితే నెలలు. ప్రీమియం కడితే 15 పనిదినాల్లో తేలుస్తారు, అప్పుడు దాని ఫీజు 2,805 డాలర్లు. నేనే కట్టుకుంటానన్నాను. మా మేనేజర్ వద్దని డిపార్ట్‌మెంట్ డబ్బులోంచి పెట్టించాడు, ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

ఎల్‌సీఏ అనగానే ఒక తమాషా గుర్తొస్తుంది. రూల్ ప్రకారం పనిచేసే చోట రెండు కనిపించే గోడల మీద నోటీసు అంటించాలి, పది రోజులు. అందులో పేరు ఉండదు గానీ పోస్టు పేరు, జీతం ఎంతో ఉంటుంది. మా ఫ్లోర్‌లో ఆ రెండు గోడల్లో ఒకటి బ్రేక్ రూమ్‌లో మైక్రోవేవ్ పైన. ఫ్లోర్ మొత్తానికి ఆ పోస్టులో వీసా మీద ఉన్నది నేనొక్కదాన్నే. పది రోజులు అందరూ సూప్ వేడి చేసుకుంటూ నా జీతం చదువుకున్నారు. పప్పన్నం డబ్బా వేడి చేసుకోవడానికి నేను కింది ఫ్లోర్‌కి వెళ్లాను.

ఏప్రిల్ 22న ఎల్‌సీఏ వేశారు, మే 1న వచ్చింది, మే మొదటి వారంలో పెటిషన్ వెళ్లింది, మే 21న అప్రూవల్. ఇరవై మూడు రోజుల ముందు గట్టెక్కాను. ఫైలు చేతిలోకి వచ్చాక వాళ్ల పని శుభ్రంగా ఉందని ఒప్పుకోవాలి. పెటిషన్‌లో ఒక్క తప్పు లేదు, అదనపు పత్రాలు కావాలని ఎవరూ వెనక్కి పంపలేదు. అందుకే రెండున్నర, లేకపోతే ఒకటే. ఫైలు వాళ్ల బల్ల మీదికి వచ్చేదాకా ఎవరికీ పట్టకపోవడమే జబ్బు. నాకు తెలిసిన పోస్ట్‌డాక్ ఒకాయనకి జే1 అనే స్కాలర్ వీసాకి కావాల్సిన డీఎస్-2019 పత్రం నాలుగు రోజుల్లో ఇచ్చారు. అది వాళ్ల చేతిలోనే పూర్తయ్యే పని. హెచ్1బీకి డిపార్ట్‌మెంట్, హెచ్ఆర్, డీన్ ఆఫీసు, లేబర్ డిపార్ట్‌మెంట్ అని నాలుగు గడపలు, ఏ గడప దగ్గర కాగితం ఆగిందో చూసే మనిషి లేడు. ఆ మనిషి మీరే అనుకుని ప్రతి సోమవారం అడగండి. మొహమాటం వద్దు. పెటిషన్ వేసేది యూనివర్సిటీ, వాళ్లు చూసుకునేది యూనివర్సిటీ పని, అందులో మన పని కలిసొచ్చినంత వరకే మనకి లాభం. ఎల్‌సీఏ కాపీ ఉద్యోగికి ఇవ్వాలన్నది రూలు, అడిగి తీసుకోండి. మొత్తం పెటిషన్ కాపీ కోసం నేను మూడు వారాలు తిరిగాను.

గత ఏడాది రెండు సంగతులు జరిగాయి, అవి కూడా చెప్పి ఆపేస్తా. 2025 ఏప్రిల్‌లో దేశమంతటా వేలమంది స్టూడెంట్ల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. యూనివర్సిటీలకి ముందుగా కబురు లేదు. ఎడమ పక్కవాళ్లు రోజూ పొద్దున్నే జాబితా మొత్తం తెరిచి ఎవరి పేరు పోయిందో వెతికేవాళ్లు. మా ఊరి అబ్బాయి ఒకడు ఓపీటీ మీద ఉన్నాడు, ఎప్పుడో కొట్టేసిన ట్రాఫిక్ కేసు తప్ప ఏం లేదు. పొద్దున ఎనిమిదింటికి డీఎస్ఓ వాడికి స్వయంగా ఫోన్ చేసింది, ఈరోజు పనికి వెళ్లకు, ముందు లాయర్‌తో మాట్లాడు అని. ఈసారి లాయర్ పేరు, నంబర్ కూడా ఇచ్చింది, పాత జాబితా కాదు. నెలాఖరుకి కోర్టు కేసుల ఒత్తిడితో రికార్డులు తిరిగి పెట్టారు. ఆ రెండు వారాలు వాడు మా సోఫాలోనే పడుకున్నాడు, అన్నం సరిగ్గా తిన్న రోజు లేదు.

రెండోది నాకే. సెప్టెంబర్‌లో పాస్‌పోర్టులో హెచ్1బీ వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్లాను. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చే డ్రాప్‌బాక్స్ అప్పటికే దాదాపు ఎత్తేశారు, నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ అయ్యి, స్టాంపు పడి, హనుమకొండలో అమ్మ దగ్గర ఉన్నా. ఎంగిలిపూల బతుకమ్మకి ముందు రోజు, శనివారం పొద్దున, ఇంటినిండా తంగేడు, గునుగు రాశులు పోసి ఉన్నాయి, ఫోన్‌కి కుడి పక్క ఆఫీసు మెయిల్ వచ్చింది, హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది, విదేశాల్లో ఉన్న హెచ్1బీ ఉద్యోగులు అమెరికా టైములో శనివారం అర్ధరాత్రి దాటకముందే తిరిగి రావాలి అని. హనుమకొండ నుంచి శంషాబాద్ చేరేసరికే సగం రోజు. రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. నాన్న అప్పటికే బ్యాంకు పాస్‌బుక్ తీసి కూర్చున్నాడు. ఆ మెయిల్‌కే జవాబుగా నా పరిస్థితి రాస్తే, ఆటో రిప్లై కాదు, మనిషే రాశాడు, అక్కడ అర్ధరాత్రి దాటాక. "ఇది ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి కాదేమో, స్పష్టత వచ్చేదాకా టికెట్ కొనొద్దని నా సొంత అభిప్రాయం" అని. ఆ రోజే వైట్‌హౌస్ వాళ్లు అదే చెప్పారు, కొత్త పెటిషన్లకి మాత్రమే అని. మొదటి మెయిల్‌లోనే మాకూ ఇంకా పూర్తిగా తెలియదు అని ఒక్క లైను రాసుంటే నాన్న బీపీ మాత్ర ఇంకోటి వేసుకునేవాడు కాదు. కానీ అర్ధరాత్రి లేచి జవాబు రాసిన ఆ మనిషి కోసం రెండుని రెండున్నర చేశాను, పైన చెప్పిన కారణం సగమే.

జూనియర్లకి ఒక ముక్క. డే వన్ సీపీటీ అని, చేరిన రోజు నుంచే ఉద్యోగం అని ఎవరైనా చెప్తే ముందు ఎడమ కౌంటర్ అడ్వైజర్‌ని అడగండి, తర్వాత కన్సల్టెన్సీని. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో పట్టుకున్న 130 మంది స్టూడెంట్లలో 129 మంది ఇండియన్లు, అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. ఆ యూనివర్సిటీ మొత్తం ఇమిగ్రేషన్ పోలీసులు నడిపిన బొమ్మ. నేను అప్పుడే అప్లికేషన్లు నింపుతున్నా, టీవీలో చూసి మా నాన్న రెండు రోజులు వద్దే వద్దన్నాడు.

నేనిప్పుడు గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మొదలుపెడతారా అని కుడి పక్కకి మెయిల్ పెట్టాను. ఐ-140, అంటే గ్రీన్‌కార్డ్ కోసం యజమాని వేసే పెటిషన్, అప్రూవ్ అయితే ఆరేళ్ల తర్వాతా హెచ్1బీ పొడిగించుకోవచ్చు కదా, అది చాలు నాకు, మిగతా క్యూ సంగతి ఇండియావాళ్లకి తెలిసిందే. పదిహేను పనిదినాల్లో స్పందిస్తాం అని వచ్చింది. ఈరోజు పదకొండో రోజు.